ఫుల్ చార్జింగ్‌కి ఎంతొస్తుంది? మన ఎండలో, మన రోడ్ల మీద కరెంటు కారు రేంజ్ లెక్క

కరెంటు కారు కొనేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఫుల్ చార్జింగ్‌కి ఎంతొస్తుంది?" అని. దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఓ మధ్యస్థాయి ఎస్‌యూవీని తీసుకుందాం. డిసెంబర్‌లో విజయవాడ బందరు రోడ్డు, ఏలూరు రోడ్ల మీద తిప్పితే 350 కి.మీ. దాకా వస్తుంది. మే నెలలో అవే రోడ్ల మీద 250 దగ్గర ఆగుతుంది. హైదరాబాద్ హైవే మీద నిలకడగా వంద స్పీడులో పోతే 230కి దిగుతుంది. బండిలో లోపం లేదు, బ్యాటరీ పాడవలేదు. తినేది మారింది, అంతే.

అందుకని ప్రశ్ననే మార్చుకోవాలి. "100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు తింటోంది?" అని అడగాలి. ఒక కిలోవాట్ అవర్ అంటే ఇంటి కరెంటు బిల్లులో ఉండే ఒక యూనిట్, రెండూ ఒకటే. కొన్ని కార్ల డిస్‌ప్లే కిలోమీటరుకు ఇన్ని వాట్ అవర్లు అని చూపిస్తుంది, కొన్ని యూనిట్‌కు ఇన్ని కిలోమీటర్లు అని చూపిస్తాయి. కిలోమీటరుకు 150 వాట్ అవర్లు అంటే 100 కి.మీ.కి 15 యూనిట్లు, అంటే యూనిట్‌కు 6.7 కి.మీ. ఈ మూడూ ఒకే మాట. ఇక్కడినుంచి లెక్కంతా 100 కి.మీ.కి యూనిట్లలోనే చెబుతాం.

బ్రోషర్ అంకె ఎక్కడిది

కంపెనీలు చెప్పే రేంజ్ ఎంఐడీసీ (మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్) అనే పరీక్షలో వచ్చింది. కారును రోలర్ల మీద పెట్టి, ముందే రాసిపెట్టిన స్పీడు పట్టికను పాటిస్తూ నడుపుతారు. మొదటి భాగంలో స్పీడు 50 దాటదు. రెండో భాగంలో కాసేపు 90 ముట్టి మళ్లీ దిగుతుంది. ఏసీ ఉండదు, ఎదురుగాలి ఉండదు, వెనకసీట్లో చుట్టాలూ ఉండరు. మొత్తం మీద సగటు వేగం 32, 33 కి.మీ. చుట్టూ ఉంటుంది. ఇలా చూస్తే అది అబద్ధం కాదు, ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి పనికొచ్చే కొలత. కానీ మన ప్రయాణానికి అది కొలత కాదు.

టాటా కంపెనీ నెక్సాన్ ఈవీ 45కి ఎంఐడీసీ ప్రకారం 489 కి.మీ. అని చెబుతూనే, సీ75 పేరుతో 350 నుంచి 370 అని ఇంకో అంకె ఇచ్చింది. వాడేవాళ్లలో 75 శాతం మందికి కనీసం అంత వస్తుందని ఆ రెండో అంకె అర్థం. 489ని యూనిట్లలోకి మారిస్తే 100 కి.మీ.కి 9.2. ఈ సైజు బండి అంత తక్కువ తినాలంటే ఏసీ ఆపి, సాఫీ రోడ్డు మీద, 40 స్పీడులో పోవాలి. రెండో అంకె ప్రకారం 12 నుంచి 13. మన దగ్గర చలికాలంలో ఊళ్లో తిరిగితే వచ్చేది సరిగ్గా ఇదే. షోరూమ్‌లో ఎవరైనా రేంజ్ చెబితే, అది ఏ లెక్కో అడిగి, ఆ దూరంతో బ్యాటరీ యూనిట్లను భాగించి చూడండి. 100 కి.మీ.కి 10 కన్నా తక్కువ వస్తే అది పరీక్ష అంకె.

మీ బండి లెక్క మీరే తీసే పద్ధతి

ఇంటి దగ్గర 100 శాతం ఎక్కించాక ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. ఓడోమీటర్ అంకెను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత మీ మామూలు అలవాటులోనే నడపండి, మైలేజీ కోసమని ప్రత్యేకంగా జాగ్రత్తపడొద్దు. బ్యాటరీ కనీసం 60 శాతం ఖర్చయ్యేదాకా మధ్యలో చార్జింగ్ పెట్టొద్దు. పది, పదిహేను శాతం ఖర్చుతో తీసిన లెక్క తప్పుతుంది, ఎందుకంటే తెర మీద శాతం పూర్ణాంకాల్లోనే ఉంటుంది, ఒక శాతం తేడా కూడా ఫలితాన్ని బాగా లాగేస్తుంది.

ఉదాహరణకు 100 నుంచి 38 శాతానికి వచ్చేసరికి 190 కి.మీ. తిరిగారనుకోండి. ఖర్చయింది 62 శాతం. 45 యూనిట్ల ప్యాక్‌లో నిజంగా వాడుకోదగ్గది 43 అని పెట్టుకుంటే 26.7 యూనిట్లు. దాన్ని 190తో భాగించి వందతో గుణిస్తే 14. అదీ మీ లెక్క. ట్రిప్ మీటర్ చూపించే సగటుతో పోల్చండి. అర యూనిట్ లోపు తేడా ఉంటే మీటర్‌ను నమ్మొచ్చు, ఇకమీదట శాతాలు లెక్కపెట్టే పనిలేదు.

ఈ పని మూడుసార్లు చేయాలి. వేసవిలో ఊళ్లో ఒకసారి, చలికాలంలో ఊళ్లో ఒకసారి, హైవే మీద మీరు మామూలుగా పోయే స్పీడులో ఒకసారి. ఆ మూడు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకుంటే ఏ ప్రయాణానికైనా అవే చాలు.

డాష్‌బోర్డు మీద "ఇంకా 210 కి.మీ." అని కనిపించే అంకెను మాత్రం ఈ లెక్కలోకి తేవొద్దు. అది ముందున్న రోడ్డును చూసి చెప్పేది కాదు, వెనక నడిపినదాన్ని చూసి చెప్పేది. వారమంతా గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో మెల్లగా తిరిగి, ఆదివారం పొద్దున్నే ఒంగోలు వైపు హైవే ఎక్కితే మొదటి 30 కి.మీ.లోనే ఆ అంకె 50 తగ్గిపోతుంది. చాలామంది గుండెలు జారేది అక్కడే. బ్యాటరీ శాతాన్ని, మీ హైవే అంకెను పెట్టి లెక్క వేసుకుంటే కంగారు ఉండదు.

ఏసీ తినేది గంటకు, స్పీడు తినేది కిలోమీటరుకు

ఈ ఒక్క మాట బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే. ఊళ్లో రేంజ్ ఎందుకు పడిపోతుందో, హైవే మీద ఎందుకు పడిపోతుందో రెండూ దీంతోనే తెలుస్తాయి. ఈ రెండింటికీ మందు వేర్వేరు.

ముందు ఏసీ సంగతి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు మామూలే, బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఆటోనగర్‌లో ఎండలో రెండు గంటలు నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. స్టార్ట్ చేసి ఏసీ వేయగానే మొదటి పది నిమిషాలు కంప్రెసర్ 3, 4 కిలోవాట్లు లాగుతుంది. లోపల చల్లబడ్డాక 1 నుంచి 1.5 కిలోవాట్ల దగ్గర నిలబడుతుంది. బ్యాటరీని చల్లబరిచేదీ అదే కంప్రెసర్ కాబట్టి, ప్యాక్ వేడెక్కితే ఆ పని కూడా ఇందులోనే కలుస్తుంది.

గంటకు 1.5 యూనిట్లు అంటే పెద్దగా అనిపించదు. కానీ సాయంత్రం బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా, అక్కడినుంచి మళ్లీ ఏలూరు రోడ్డు మీదుగా లోపలికి రండి. సగటు వేగం గంటకు 20 కి.మీ. పడుతుంది. అంటే 100 కి.మీ. తిరగడానికి 5 గంటలు. ఏసీ ఒక్కటే 7.5 యూనిట్లు తినేసింది. చక్రాలు తిప్పడానికి అయిందేమో 10 యూనిట్లే. మొత్తం 17.5, అందులో పదింట నాలుగు వంతులకు పైనే ఏసీది. డిసెంబర్‌లో ఏసీ 0.4 కిలోవాట్‌తో సరిపెట్టుకుంటుంది, మొత్తం 12కి దిగుతుంది. మొదట్లో చెప్పిన 350, 250ల తేడా ఇక్కడినుంచే వచ్చింది. అదే ఏసీ హైవే మీద 80 స్పీడులో 100 కి.మీ.కి 2 యూనిట్లు కూడా తినదు. కాబట్టి హైవే మీద ఏసీ ఆపుకుని చెమటలు కారుస్తూ కూర్చోవడం వృథా. చెయ్యాల్సిన పొదుపు ఊళ్లో ఉంది.

ఏం చేయాలంటే, కారు ఇంట్లో ప్లగ్‌లో ఉండగానే బయల్దేరడానికి పది నిమిషాల ముందు ఫోన్ యాప్ నుంచి ఏసీ వేయండి. ఆ మొదటి బరువు గోడ కరెంటు మీద పోతుంది, బ్యాటరీ మీద పడదు. బయట ఎండలో ఉన్న కారైతే నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి, వేడిగాలి బయటికి పోయాక ఏసీ వేయండి. తర్వాత బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. 20 మీద పెట్టి వణికే బదులు 25 పెట్టి ఫ్యాన్ ఒక పాయింట్ పెంచితే సుఖంగా ఉంటుంది, కరెంటూ మిగులుతుంది. చల్లగాలి వచ్చే సీట్లు ఉంటే అవి వాడండి, కంప్రెసర్‌తో పోలిస్తే అవి తినేది లెక్కలోకి రాదు. ముందు అద్దానికి వెండిరంగు షేడ్ పెట్టడం, వేపచెట్టు నీడ వెతుక్కోవడం చిన్న పనులే, కానీ వేసవి మూడు నెలలూ రోజుకు నాలుగుసార్లు కారు తీసేవాళ్లకు బాగా కలిసొస్తాయి.

ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బ్యాటరీ అయిపోతుందేమోనన్న భయం చాలామందికి ఉంది. దసరా రోజుల్లో కనకదుర్గ ఫ్లైఓవర్ కింద గంటసేపు కదలకుండా నిలబడ్డా ఏసీకి ఖర్చయ్యేది 1.5 యూనిట్లు, అంటే పది కిలోమీటర్ల దూరం. అంతకు మించి భయపడాల్సింది లేదు.

హైవే మీద స్పీడు, గాలి

గాలిని చీల్చుకుంటూ పోవడానికయ్యే శక్తి ప్రతి కిలోమీటరుకూ స్పీడు వర్గంతో పెరుగుతుంది. పెట్రోలు కారులో ఇంజిన్ వేడిగా వదిలేసేదే ఎక్కువ కాబట్టి ఈ తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించదు. కరెంటు కారులో దాచుకోవడానికి ఏమీ లేదు, స్పీడు పెరిగిన మేరకు అంకె నిక్కచ్చిగా పెరుగుతుంది. మనం తీసుకున్న ఎస్‌యూవీకి, ఇద్దరు మనుషులు, ఏసీ, సాఫీ రోడ్డు, గాలి లేనప్పుడు ఉజ్జాయింపు లెక్క ఇలా ఉంటుంది:

60 స్పీడులో 11 యూనిట్లు
80లో 13.5
90లో 15.5
100లో 17.5
120లో 22

నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100, కాబట్టి ఆఖరి వరుస చూసి ఊరుకోవడానికే. టియాగో లాంటి చిన్న బండికి ఈ అంకెలన్నీ కొంచెం తగ్గుతాయి, పొడవైన పెద్ద ఎస్‌యూవీకి పెరుగుతాయి, స్పీడుతో పెరిగే తీరు మాత్రం ఇదే. ఇంకో చిన్న సంగతి: స్పీడోమీటర్లు నిజం కన్నా నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువే చూపిస్తాయి. ఫోన్‌లో మ్యాప్ చూపించే వేగాన్ని పట్టుకుని లెక్క వేసుకోండి.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. జూన్, జూలైల్లో మనకు పడమటి గాలి గట్టిగా వీస్తుంది. హైదరాబాద్ వెళ్లే ఎన్‌హెచ్-65 పడమటి దిక్కుకే పోతుంది. గంటకు 15 కి.మీ. ఎదురుగాలిలో 90 స్పీడుతో పోతే, కారుకు తగిలేది 105 స్పీడు గాలి. అప్పుడు 100 కి.మీ.కి 3 యూనిట్లకు పైనే అదనంగా పోతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి తోస్తుంది. పోయిన నెల లేని కరువు ఈ నెల ఎందుకొచ్చిందని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు రోడ్డు పక్క చెట్ల కొమ్మలు ఎటు వంగుతున్నాయో చూడండి. అలాగే వానలో తడి రోడ్డు మీద నీళ్లు చిమ్ముకుంటూ పోతే పది శాతం దాకా పెరగడం మామూలే.

హైవే మీద బ్రేకు తిరిగి ఇచ్చే కరెంటు, అదే రీజెన్, పెద్దగా పనికిరాదు. ఇచ్చేది ఎప్పుడూ తీసుకున్నదానికన్నా తక్కువే. అందుకని హైవే మీద రీజెన్ తక్కువ మీద పెట్టి, ముందు లారీ కనిపించగానే కాలు తీసి బండిని దాని మానాన పోనివ్వండి. ఊళ్లో సిగ్నళ్ల మధ్య మాత్రం రీజెన్ ఎక్కువ మీద పెట్టండి, అక్కడ ఎలాగూ ఆపాలి కాబట్టి.

హైదరాబాద్ లెక్క, మొదటినుంచీ

విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 270 కి.మీ. విజయవాడ సముద్రమట్టానికి 20 మీటర్ల ఎత్తులో ఉంటే హైదరాబాద్ 500 మీటర్లు దాటి ఉంది. రోడ్డు మెల్లగా ఎక్కుతుంది కాబట్టి కంటికి కనిపించదు, మీటర్‌కు కనిపిస్తుంది. మనుషులతో కలిపి 1,800 కిలోల బండిని 500 మీటర్లు పైకి మోయడానికి 2.8 యూనిట్లు కావాలి. అంటే వెళ్లేటప్పుడు ప్రతి 100 కి.మీ.కి ఒక యూనిట్ అదనం, వచ్చేటప్పుడు ఒక యూనిట్ ఆదా. 90 స్పీడులో వెళ్లడానికి 44, 45 యూనిట్లు, తిరిగి రావడానికి 39. రెండింటికీ మధ్య ఐదారు యూనిట్లు తేడా ఉంది. "వచ్చేటప్పుడు సూర్యాపేటలో ఆగకుండానే ఇల్లు చేరాం, ఈసారి వెళ్లేటప్పుడూ ఆగం" అనుకుంటే దెబ్బతినేది ఇందుకే.

ఇప్పుడు ప్లాన్. ఇంట్లో 100 శాతం ఎక్కించుకుని బయల్దేరాలి. సూర్యాపేట దాదాపు సగం దూరం, 138 కి.మీ. అనుకుందాం. 90 స్పీడుకు 15.5, ఎత్తుకు ఇంకొకటి కలిపి 16.5 లెక్కన 22.8 యూనిట్లు పోతాయి, 43లో అది 53 శాతం. అంటే 47 శాతంతో చేరతారు. మిగిలిన 132 కి.మీ.కి 21.8 యూనిట్లు, అంటే 51 శాతం కావాలి. చేతిలో 15 శాతం ఉంచుకోవాలి కాబట్టి 66. పైన ఇంకాస్త వేసుకుని 72 శాతం దాకా ఎక్కిస్తే చాలు. 25 శాతం అంటే 11 యూనిట్లు. కారు 40 కిలోవాట్లు తీసుకుంటుంటే 16, 17 నిమిషాలు. ఇడ్లీ తిని కాఫీ తాగేలోగా అయిపోతుంది. జూన్ నెల పడమటి గాలి ఉంటే 37 శాతంతో చేరతారు, 80 దాకా ఎక్కించాలి.

80 దాటాక ఎక్కించొద్దు. అక్కడినుంచి బ్యాటరీ కరెంటు తీసుకోవడం బాగా తగ్గిస్తుంది. 47 నుంచి 72కి పట్టిన టైమే 85 నుంచి 95కి పట్టొచ్చు. వెనక లైన్లో ఇంకో కారు ఉంటే వాళ్లకూ ఇబ్బంది.

స్పీడు పెంచితే టైమ్ కలిసొస్తుందా? సూర్యాపేట దాకా 80లో పోతే 103 నిమిషాలు, 100లో పోతే 83. మిగిలేది 20 నిమిషాలు. అదనంగా పోయేది 5.5 యూనిట్లు, దాన్ని ఎక్కించడానికి 8, 9 నిమిషాలు. కలిసొచ్చేది 11 నిమిషాలే, దానికి బయట చార్జర్ దగ్గర 5 యూనిట్లు కొనాలి. మా సలహా 90. లారీల మధ్య నుంచి సాఫీగా పోవచ్చు, లెక్క తప్పదు.

చార్జింగ్ స్టాప్ ఎంచుకునేటప్పుడు ఒకే చోటును నమ్ముకోవద్దు. చేరేసరికి గన్ పనిచేయకపోయినా, కరెంటు పోయినా తర్వాతి స్టేషన్‌కు చేరేంత శాతం మిగలాలి. చేతిలో 15 శాతం అన్నది అందుకే. బయల్దేరే ముందు యాప్‌లో ఆ స్టేషన్‌లో ఆ రోజే ఎవరైనా ఎక్కించుకున్నారో లేదో చూడండి. సీసీఎస్2 గన్ (వేగంగా ఎక్కించే డీసీ ప్లగ్) కనీసం రెండు ఉన్నచోటే మంచిది.

ఘాట్ రోడ్లు

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే: 100 మీటర్ల ఎత్తు ఎక్కితే అర యూనిట్‌కు కొంచెం పైన, దూరానికయ్యేది కాక. తిరుపతి నుంచి తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. ఎక్కడానికి అదనంగా 4 యూనిట్లు, దిగేటప్పుడు అందులో సగానికి పైన తిరిగొస్తుంది. కొండకింద 30 శాతం ఉంటే ఎక్కి దిగడానికి ఢోకా లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: కొండ మీద 100 శాతం ఎక్కించుకుని దిగొద్దు. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ కరెంటుకు చోటుండదు, కారు దాన్ని ఆపేస్తుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడి వేడెక్కుతాయి.

శ్రీశైలం వెళ్లేవాళ్లకు అసలు ఇబ్బంది ఎత్తు కాదు, దోర్నాల తర్వాత నల్లమల అడవి. రాత్రిళ్లు గేటు మూస్తారు, దారి మధ్యలో ఆగే వీలుండదు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం వైపు నుంచి పోతూ, అడవిలోకి దిగేముందే పైకి వెళ్లి మళ్లీ దోర్నాల దాకా తిరిగొచ్చేంత శాతం చేతిలో ఉండేలా చూసుకోండి.

టైర్లు, బరువు, పైన క్యారియర్

టైరు గాలి ఎంతుండాలో డ్రైవర్ తలుపు తీస్తే లోపలి స్తంభం మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. అది చల్లటి టైరు అంకె. కాజ టోల్‌ప్లాజా దాటి బంకులో ఆగి, ఎండలో 30 కి.మీ. నడిచొచ్చిన టైరులో గాలి చూస్తే 3, 4 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. "ఎక్కువైంది, తీసెయ్" అని తీయించుకుంటే, తెల్లారేసరికి ఉండాల్సిందానికన్నా అంత తక్కువ ఉంటుంది. మన దగ్గర జరిగే తప్పుల్లో ఇదే ఎక్కువ. పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోవాలి. చిన్న గేజీ, పన్నెండు వోల్టుల పంపు డిక్కీలో ఉంచుకుంటే ఇంటి దగ్గరే పని అయిపోతుంది.

కారుతో వచ్చిన టైర్లు తక్కువ రాపిడితో దొర్లేలా చేసినవి. అవి అరిగాక చూడ్డానికి బాగున్నాయని వెడల్పైనవో, మామూలువో వేయిస్తే రేంజ్ 5 నుంచి 10 శాతం పడిపోవచ్చు. మార్చిన నెలలోనే లెక్క పెరిగితే కారణం వెతకనక్కర్లేదు.

బరువు గురించి అందరూ భయపడతారు కానీ సాఫీ రోడ్డు మీద అది చిన్న విషయం. 100 కిలోలు పెరిగితే 100 కి.మీ.కి 0.3 యూనిట్. ఐదుగురూ ఎక్కండి, పర్వాలేదు. టాప్ మీద క్యారియర్ కట్టి మూటలు పెడితేనే అసలు నష్టం: హైవే స్పీడులో 10 నుంచి 20 శాతం. సామాను డిక్కీలో కుక్కండి, ఖాళీ క్యారియర్‌ను ఊరికే ఉంచుకోకుండా విప్పేయండి.

బ్యాటరీలో యూనిట్లు వేరు, మీటర్లో యూనిట్లు వేరు

బ్యాటరీలోకి 26.7 యూనిట్లు ఎక్కాలంటే ఇంటి మీటర్ 30 దాకా తిరుగుతుంది. గోడ నుంచి వచ్చే ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటును బ్యాటరీకి కావాల్సిన డీసీగా మార్చడంలో కొంత పోతుంది. చార్జింగ్ జరిగినంతసేపూ కారులోని కంప్యూటర్లు, పంపులు మేలుకునే ఉండాలి, వాటికి 200, 250 వాట్లు పోతాయి. అందుకే 15 యాంపుల ప్లగ్‌లో 15 గంటలు పెట్టినదానికన్నా 7.2 కిలోవాట్ల బాక్సుతో ఆరేడు గంటలు పెట్టినప్పుడు వృథా తక్కువ. కిలోమీటరుకు ఎంత ఖర్చవుతోందో తేల్చేటప్పుడు మీటర్ యూనిట్లే వాడాలి. ఇంటి కనెక్షన్‌లో వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, కారు వల్ల పెరిగిన యూనిట్లకు పై స్లాబు ధరే వేసుకోండి.

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లకు రానూపోనూ 70 కి.మీ. 13.5 లెక్కన తొమ్మిదిన్నర యూనిట్లు, మీటర్లో 11. 15 యాంపుల ప్లగ్ గంటకు 2.8 యూనిట్లు ఇస్తుంటే నాలుగు గంటల పని. దీనికోసం పెద్ద బాక్సు అక్కర్లేదు. కానీ ఆ ప్లగ్ మాత్రం గీజర్ వైరు మీద నడిచేది కాకూడదు. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికో ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, మంచి కంపెనీ సాకెట్ ఉండాలి. గంటలకొద్దీ నిండు లోడు మీద ఉండే సాకెట్ అది, వదులుగా ఉంటే కరిగిపోతుంది. పెట్టిన అరగంటకు ప్లగ్ పట్టుకుంటే చెయ్యి కాలకూడదు.

అపార్ట్‌మెంట్లలో మీటర్ బోర్డు ఒక మూల, పార్కింగ్ ఇంకో మూల ఉంటుంది. 7.2 కిలోవాట్లకు 6 చదరపు మిల్లీమీటర్ల వైరు 40 మీటర్లు లాగితే 8 వోల్టులు దారిలోనే పడిపోతాయి, 250 వాట్లు వైరును వేడి చేయడానికే పోతాయి, అవీ మీ బిల్లులోనే. అంత దూరానికి 10 వేయించండి. మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ దగ్గర మంజూరైన లోడు ఎంతుందో చూసి, తక్కువుంటే ముందు పెంచుకోండి.

వేసవిలో ఇంకో తలనొప్పి ఎర్తింగ్. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండిపోతుంది. చార్జర్ ఎర్రలైటు వేసి ఎర్త్ ఫాల్ట్ అంటుంది, కారు చార్జింగ్ తీసుకోదు. ఫిర్యాదు చేసేముందు గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి గంట ఆగి చూడండి. అప్పటికీ రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్, న్యూట్రల్ మధ్య వోల్టేజీ కొలిపించండి.

రేంజ్ ఉన్నట్టుండి తగ్గితే

వెతకాల్సిన వరుస ఇది. ముందు పొద్దున్నే చల్లటి టైర్ల గాలి. తర్వాత టైర్లు మార్చారా, చక్రాల ఎలైన్‌మెంట్ పోయిందా, బండి ఒకవైపు లాగుతోందా. ఆ తర్వాత బ్రేకు పట్టేసి ఉందేమో: ఊరి బయట పది కిలోమీటర్లు రీజెన్‌తోనే నడిపి ఆగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే, పట్టేసిన చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటుంది. కరెంటు కార్లలో బ్రేకులు తక్కువ వాడతాం కాబట్టి వానాకాలం తర్వాత తుప్పు పట్టి ఇలా అవుతుంది. ఇవేవీ కాకపోతే గాలి, ఎండ, స్పీడు మారాయేమో పాత అంకెలతో పోల్చండి.

100 కి.మీ.కి యూనిట్ల లెక్క మారకుండా దూరం మాత్రం తగ్గిందంటే అప్పుడు బ్యాటరీ వైపు చూడాలి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే కార్లలో చాలావాటికి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఉంది. అందులో చార్జింగ్ నిండుగా ఉన్నా సగం ఉన్నా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది, అందుకని రోజూ 40 నుంచి 70 మధ్యే తిప్పుతుంటే ఎంత మిగిలిందో కారే లెక్క తప్పుతుంది. 15 శాతం అని చూపించి ఒక్కసారిగా 6కు పడిపోవడం ఈ కారణంతోనే. మందు సులువే: మాన్యువల్ చెప్పిన ప్రకారం, సాధారణంగా వారానికో రెండు వారాలకో ఒకసారి, ఇంట్లో నెమ్మది చార్జర్‌తో 100 దాకా ఎక్కించి, అదే ఆగేదాకా వదిలేయండి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) బ్యాటరీ ఉన్న కార్లకు ఇది వర్తించదు, వాటిని రోజూ 80 దగ్గర ఆపడమే మంచిది. రెండింటిలో దేనినైనా 100 శాతం నింపి మే నెల ఎండలో రోజుల తరబడి వదిలేయొద్దు.

బయట చార్జర్ 60 కిలోవాట్లని రాసి ఉన్నా మీకు 25 మాత్రమే ఎక్కుతుంటే, మొదట పక్క గన్‌కు ఇంకో కారు ఉందేమో చూడండి, చాలా చోట్ల రెండూ పంచుకుంటాయి. లేకపోతే మీ శాతం 80 దాటిందేమో, మీ కారు గరిష్ఠంగా తీసుకునేదే తక్కువేమో చూడండి. అవీ కాకపోతే బ్యాటరీ వేడెక్కి ఉంటుంది: మిట్టమధ్యాహ్నం హైవే మీదనుంచి వచ్చి నేరుగా గన్ పెట్టినప్పుడు ఇదే జరుగుతుంది. వేసవిలో దూర ప్రయాణం తెల్లవారుజామున నాలుగు, ఐదింటికి మొదలుపెడితే ఏసీ తక్కువ తింటుంది, మొదటి స్టాప్‌లో చార్జింగ్ వేగంగా ఎక్కుతుంది, స్టేషన్ దగ్గర లైనూ ఉండదు.